వెనక వరుస పట్ల బాధ్యత: అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్, హైవే ప్రవాహపు నిలకడ

ఈ ఏటి ఉపన్యాసానికి ఎంచుకున్న విషయం చూడటానికి చిన్నది. ముందు వెళ్తున్న వాహనాన్ని గమనిస్తూ, దానికి తగ్గట్టు కారు వేగాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు ఇప్పుడు మధ్యతరగతి కార్లలోకి కూడా వచ్చేసింది. దాన్నే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ అంటున్నాం. ఇది డ్రైవరుకు చేసే మేలు గురించి వ్యాపార ప్రకటనలు కావలసినంత చెబుతున్నాయి. ఆ కారు వెనక వచ్చే పదో కారుకు, ఇరవయ్యో కారుకు ఇది ఏం చేస్తుందన్నది మాత్రం కొనేవారూ అడగడం లేదు, అమ్మేవారూ చెప్పడం లేదు. నేను వాదించబోయేది ఒక్కటే. ఒక కారు చక్కగా నడవడం వేరు, ఆ కార్ల వరుస చక్కగా నడవడం వేరు. మొదటిది సాధిస్తే రెండోది దానంతట అదే రాదు. కాబట్టి రెండోదాన్ని విడిగా కొలవాలి, విడిగా కోరాలి.

ముందు యంత్రం సంగతి. వేగాన్ని ఒకచోట నిలిపి ఉంచే మామూలు క్రూజ్ కంట్రోల్ పాతది. చూపు లేని అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ టీటర్ దాన్ని రూపొందించారు. 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కారులో అది మార్కెట్లోకి వచ్చింది. ముందున్న వాహనాన్ని గుర్తించే తెలివి ఆ తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలకు గానీ రాలేదు. 1995లో మిత్సుబిషి డయమాంటే లేజరుతో దూరం కొలిచింది. 1990ల చివర్లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో రాడార్ వచ్చింది. ఈనాటి ఏర్పాట్లన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి. ముందు కారు ఎంత దూరంలో ఉందో, దాని వేగానికీ మన వేగానికీ తేడా ఎంతో రాడార్ చెబుతుంది. డ్రైవరు ఎంచుకున్న గ్యాప్ మీటర్లలో కాకుండా సెకన్లలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక సెకను అంటే దాదాపు 28 మీటర్లు, రెండు సెకన్లంటే 56 మీటర్లు. ఆ గ్యాప్ తగ్గితే కారు వేగం తగ్గించుకుంటుంది, పెరిగితే పెంచుకుంటుంది. ఎంత తేడాకు ఎంత గట్టిగా స్పందించాలన్నది మాత్రం తయారీదారు లోపల రాసిపెట్టిన లెక్క. బయటివారికి అది కనిపించదు.

ఇక రోడ్డు సంగతి. ప్రమాదం లేకుండా, రోడ్డు ఇరుకు కాకుండా, ఎవరూ దారికి అడ్డం రాకుండా కూడా ట్రాఫిక్ జామ్ పుడుతుందని చాలామంది నమ్మరు. 2008లో జపాన్‌లోని నగోయాకు చెందిన యూకీ సుగియామా బృందం అచ్చువేసిన ప్రయోగం ఆ అనుమానాన్ని తీర్చింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వృత్తాకారపు దారిలో 22 కార్లను సమదూరంలో నిలిపారు. అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు తగలకుండా నడపాలి. అంతకుమించి నియమం లేదు. దారిలో సిగ్నల్ లేదు, మలుపు తేడా లేదు, లేన్ మారే వీల్లేదు. కాసేపు వలయమంతా సాఫీగా తిరిగింది. తర్వాత ఒకరి వేగంలో కాస్త తేడా వచ్చింది. వెనకాయన అంతకంటే కాస్త ఎక్కువ తగ్గించాడు, అతని వెనకాయన ఇంకాస్త. చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆగిన ముద్దలో ముందున్న కారు కదిలి బయటపడుతుంటే, వెనక నుంచి మరో కారు వచ్చి చేరుతోంది. కార్లు ముందుకు పోతుంటే ఆ ముద్ద గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి జరుగుతూ పోయింది. నిజమైన హైవేల మీద జామ్‌లు వెనక్కి పాకే వేగం కూడా ఇంచుమించు ఇదే. ఆ వలయంలో ఎవరూ తప్పుగా నడపలేదు. ప్రతి డ్రైవరూ తన ముందు కారును చూసుకుని బాధ్యతగానే నడిపాడు. అయినా వరుస చెదిరింది.

ఇలా ఎందుకు జరుగుతుందో గణితం అరవయ్యేళ్లకు ముందే చెప్పింది. 1950ల చివర్లో జనరల్ మోటార్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ హెర్మన్, ఆయన సహచరులు ఒక డ్రైవరు ముందు కారును అనుసరించే తీరును ఒక సమీకరణంగా రాశారు. వెనక డ్రైవరు ఎంత గట్టిగా స్పందిస్తాడన్నది ఒక సంఖ్య. ఎంత ఆలస్యంగా స్పందిస్తాడన్నది మరో సంఖ్య. ఆ రెండింటి లబ్ధం మీదే అంతా ఆధారపడి ఉంటుందని తేలింది. ఆ లబ్ధం సుమారు 1.57కు లోపు ఉంటే, రెండు కార్ల మధ్య కలిగిన ఒడుదొడుకు కాసేపటికి సద్దుమణుగుతుంది. కానీ పొడవాటి వరుసలో ఒడుదొడుకు వెనక్కి పోయేకొద్దీ తగ్గాలంటే ఆ లబ్ధం 0.5కు లోపే ఉండాలి. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న ఎడం నా వాదనకు మూలం. లబ్ధం 0.5కూ 1.57కూ నడుమ ఉన్నప్పుడు ఏ జంట కార్లను తీసి పరీక్షించినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వెనక కారు కొంచెం ఊగినా చివరికి కుదుటపడుతుంది, గుద్దుకోదు. అవే కార్లను వరుసగా పేరిస్తే ముందు పుట్టిన చిన్న అలజడి తోక దగ్గరికి చేరేసరికి పెద్ద కుదుపవుతుంది. వెనక్కి పోయేకొద్దీ అలజడి తగ్గే గుణాన్ని నేను వరుస నిలకడ అంటాను. జంట కుదుటపడిందని ఎన్నిసార్లు చూసినా, వరుస నిలకడ ఉందో లేదో అది తేల్చదు. అలజడి ఒక కారు నుంచి మరో కారుకు ఎంత శాతం పెరిగి పోతోందో కొలిస్తేనే తేలుతుంది.

పెరుగుదల కారుకు పది శాతమే అనుకుని ఒక లెక్క చూద్దాం. గంటకు 100 కిలోమీటర్లతో పోతున్న వరుసలో మొదటి కారు ఏదో కారణంగా 5 కిలోమీటర్ల వేగం తగ్గించిందనుకోండి. కూర్చున్నవారికి అది తెలియను కూడా తెలియదు. వెనక పదో కారు దగ్గర ఆ తగ్గుదల 13 కిలోమీటర్లవుతుంది. ఇరవయ్యో కారు దగ్గర 33 దాటుతుంది. ముప్పయ్యో కారు దగ్గర 87కు చేరుతుంది, అంటే ఆ కారు దాదాపు ఆగిపోయినట్టే. అదే ప్రతి కారూ అలజడిని ఐదు శాతం తగ్గించి వెనక్కి పంపితే, ఇరవయ్యో కారుకు తగిలేది 2 కిలోమీటర్ల తేడా కూడా కాదు. పది శాతం పెంచే కారుకూ ఐదు శాతం తగ్గించే కారుకూ ఉన్న తేడా స్టీరింగ్ ముందు కూర్చున్నవారికి తెలియకపోవచ్చు. హైవేకు మాత్రం ఆ తేడా సాఫీగా సాగే ప్రవాహానికీ, ఆగి ఆగి కదిలే ప్రవాహానికీ ఉన్నంత తేడా.

మరి అమ్మకంలో ఉన్న కార్లు ఏ పక్షాన ఉన్నాయి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పాత్ అనే పరిశోధన కార్యక్రమంలో విసెంటే మిలానెస్, స్టీవెన్ ష్లాడోవర్ ఒకే మోడలు కార్లు నాలుగింటిని వరుసగా నడిపించి 2014లో ఫలితాలు అచ్చువేశారు. కారుతో పాటు వచ్చిన అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్‌తో నడిచినప్పుడు, మొదటి కారు వేగంలోని మార్పు నాలుగో కారుకు చేరేసరికి పెద్దదైంది. తర్వాత జార్జ్ గుంటర్, డేనియల్ వర్క్ తదితరులు రెండు కంపెనీలకు చెందిన ఏడు 2018 మోడళ్లను తీసుకున్నారు. 1,200 మైళ్లకు పైగా ఆ కార్లను ఈ ఏర్పాటుతోనే నడిపి, ఒక్కొక్కదాని లోపలి లెక్కను బయటి నడకను బట్టి రాబట్టారు. ఏడింటిలో ఒక్కదానికి కూడా వరుస నిలకడ లేదని తేలింది. యూరోపియన్ కమిషన్ ఉమ్మడి పరిశోధన కేంద్రానికి చెందినవారు స్వీడన్‌లోని ఆస్టాజీరో ట్రాక్ మీద వేర్వేరు కంపెనీల కార్లను ఒకదాని వెనక ఒకటి నడిపారు. అక్కడా వరుస అలజడిని పెంచింది. వీటి స్పందనలోని ఆలస్యం మనిషి ఆలస్యం కంటే పెద్దగా తక్కువేమీ కాదని కూడా వారు చూపించారు. దేశాలు వేరు, కార్లు వేరు, కొలిచిన పద్ధతులు వేరు. తేలింది మాత్రం ఒక్కటే.

రాడార్ రెప్ప వేయదు, అలసిపోదు, ఫోన్ చూడదు. అలాంటి యంత్రం మనిషి కంటే మెరుగ్గా ఎందుకు చేయలేకపోతోంది? జవాబు యంత్రం శక్తిలో లేదు, దానికి అప్పగించిన పనిలో ఉంది. అప్పగించిన పని కారులో కూర్చున్నవారికి కుదుపు తెలియకుండా నడపడం. ముందు కారు వేగం తగ్గించడం మొదలుపెట్టగానే మెత్తగా బ్రేక్ పడితే ప్రయాణికుడికి హాయి. తేడా కాస్త పెరిగేదాకా ఓపిక పడితే ఇంకా హాయి. రాడార్ సంకేతాన్ని వడగట్టడానికి కొంత సమయం, ఇంజనూ బ్రేకూ కదలడానికి కొంత సమయం పోగా, ఈ మెత్తదనం మరికొంత ఆలస్యాన్ని కలుపుతుంది. ఈలోగా గ్యాప్ కరిగిపోతుంది. పోయిన గ్యాప్‌ను తిరిగి తెచ్చుకోవాలంటే ముందు కారు వేగం కంటే కిందికి దిగాల్సిందే. ఆ అదనపు తగ్గుదలే వెనక కారుకు పెద్ద అలజడిగా అందుతుంది. ముందు సీట్లో అనుభవించిన హాయికి ధర వెనక వరుసలో ఎవరో చెల్లిస్తున్నారు. దీనికి విరుగుడు రహస్యమేమీ కాదు. గ్యాప్ తరిగాక కాకుండా, వేగంలో తేడా కనబడిన వెంటనే స్పందించాలి. ఎంచుకున్న గ్యాప్ ఆ స్పందనకు సరిపోయేంత ఉండాలి. ఈ రెండూ సమకూరితే వరుస నిలుస్తుందని సమీకరణం స్పష్టంగా చెబుతుంది. మొదటిది సాఫ్ట్‌వేర్‌లో ఒక సంఖ్యను సవరించే పని.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. నగోయాలో జామ్ సృష్టించింది మనుషులే కదా, యంత్రం కూడా అంతే చేస్తే నష్టమేముంది అంటారు. నష్టం రెండు విధాలు. మనుషుల నడకలో వైవిధ్యం ఉంది. ఒకరు తొందరపడతారు, మరొకరు ముందున్న నాలుగైదు కార్ల బ్రేకు లైట్లు చూసి ముందే యాక్సిలరేటర్ వదిలేస్తారు. ఆ ముందుచూపున్నవారి దగ్గర వెనక్కి పాకే అల కొంత చస్తుంది. రాడార్ సాధారణంగా తన ముందున్న ఒక్క కారునే నమ్ముకుంటుంది. ఒకే లెక్కతో తయారైన లక్షల కార్లు రోడ్డెక్కితే ఒకే లోపం ప్రతి కారులోనూ ఉంటుంది, అలను చంపే చోటు ఉండదు. రెండోది భద్రత. ఈ ఏర్పాటుకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15622 ప్రకారం, హైవే వేగాల్లో ఇది వేసే బ్రేకుకు సెకనుకు సెకనుకు సుమారు 3.5 మీటర్ల పరిమితి ఉంది. అంతకంటే గట్టిగా బ్రేకు పడాల్సి వస్తే అది డ్రైవరుకు హెచ్చరిక మోగించి పని అప్పగిస్తుంది. అలజడి పెరుగుతూ వచ్చే వరుసలో ఆ హెచ్చరిక మోగేది తోక దగ్గర, అదీ క్షణాల వ్యవధి మిగిలినప్పుడు. అంతదాకా రోడ్డు మీద మనసు పెట్టనవసరం లేదనుకున్న మనిషికి అత్యంత కష్టమైన క్షణాన్ని అప్పగించడం భద్రత అనిపించుకోదు.

రెండో అభ్యంతరం ఆశతో కూడుకున్నది. కొద్దిపాటి కార్లలో ఈ ఏర్పాటు ఉంటే చాలు, జామ్‌లు పోతాయని కంప్యూటర్ నమూనాలు చూపాయి కదా అంటారు. చూపిన మాట నిజమే. అయితే ఆ నమూనాల్లోని కార్లు నిలకడ ఉండేలా రాసిన కార్లు. షోరూమ్‌లో దొరికేవి అవి కావు. 2016లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసన్‌లో జరిగిన ప్రయోగాన్నీ ఇలాగే అర్థం చేసుకోవాలి. 260 మీటర్ల వలయంలో ఇరవైకి పైగా కార్లు తిరుగుతుండగా నగోయాలో లాగే అలలు పుట్టాయి. అప్పుడు ఒక్క కారును యంత్రానికి అప్పగించారు. అది ముందు కారును అంటిపెట్టుకుని పరుగెత్తలేదు. ప్రవాహపు సగటు వేగాన్ని పట్టుకుని, గ్యాప్ పెరుగుతూ తరుగుతూ ఉంటే ఉండనిచ్చింది. అల అణగిపోయింది. వలయం మొత్తం మీద ఇంధన వాడకం 40 శాతం దాకా తగ్గింది. ఆ ఒక్క కారు విజయానికి కారణం దానిలో కంప్యూటర్ ఉండటం కాదు, వరుసను కుదుటపరచడమే పనిగా దాని కంప్యూటర్‌కు లెక్క రాయడం. అదే పరిశోధకుల వర్గం 2022 నవంబరులో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్ దగ్గర ఐ-24 హైవే మీద 100 కార్లతో ఈ పనికి దిగింది. రోడ్డు పొడవునా స్తంభాలకు బిగించిన కెమెరాలు ప్రవాహాన్ని నమోదు చేశాయి. లేన్లు మారేవారు, ర్యాంపుల నుంచి వచ్చి కలిసేవారు ఉన్న నిజమైన హైవే వలయమంత విధేయంగా ఉండదు. అయినా ఈ ప్రశ్నను ప్రయోగశాల నుంచి రోడ్డు మీదికి తేవచ్చని ఆ ప్రయత్నం రుజువు చేసింది.

మూడో అభ్యంతరం రోడ్డు ఇంజనీర్ల నుంచి వస్తుంది. నిలకడ కోసం గ్యాప్ పెంచితే గంటకు పోయే కార్లు తగ్గిపోవా అంటారు. ఈ లెక్కను దాచకుండా చూద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, 5 మీటర్ల పొడవున్న కార్లు 1.1 సెకన్ల గ్యాప్‌తో పోతే ఒక లేన్‌లో గంటకు సుమారు 2,800 కార్లు పడతాయి. గ్యాప్ 2.2 సెకన్లయితే 1,500 మాత్రమే. మనుషులు నడిపే మంచి హైవే లేన్ మోసేది 2,000 నుంచి 2,200. కాబట్టి ఎక్కువ గ్యాప్‌కు నిజంగానే ధర ఉంది. అయితే 2,800 అన్నది ఏ అలజడీ లేనప్పటి కాగితపు లెక్క. వరుస చెదిరి, కార్లు ఆగి మళ్లీ కదలడం మొదలైతే ఆ లేన్ తన పూర్తి శక్తిని చూపలేదు. జామ్ నుంచి బయటపడే కార్ల ప్రవాహం జామ్‌కు ముందున్న ప్రవాహం కంటే తక్కువగా ఉంటుందని హైవే కొలతలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. పైగా గ్యాప్ పెంచడం ఒక్కటే మార్గం కాదు. వేగపు తేడాకు వెంటనే స్పందిస్తే మధ్యస్థమైన గ్యాప్‌తోనే నిలకడ వస్తుంది. ఎక్కువ గ్యాప్ కనిపిస్తే పక్క లేన్ వాళ్లు దూరతారన్న మాట కూడా నిజమే. దూరిన ప్రతి కారూ ఒక అలజడి. ఆ అలజడిని పెంచకుండా మింగగల కారు కావాలన్నదే నేను చెప్పేది. ఈ రంగంలో పండితుల మధ్య భేదాలు లేకపోలేదు. సెకన్లలో స్థిరమైన గ్యాప్ పాటించే పద్ధతి ట్రాఫిక్ ప్రవాహాన్ని అస్థిరం చేస్తుందని 1999లో స్వరూప్ దర్భా, కె.ఆర్. రాజగోపాల్ వాదించారు. ఆ తీర్మానం అన్ని పరిస్థితులకూ వర్తించదని 2002లో పెర్రీ లీ, శ్రీవాస్తవ బదులిచ్చారు. వారి వాదం పద్ధతి గురించి. ఏ పద్ధతినైనా ఏ కొలతలతో కారులో పెడుతున్నారన్నది దాని తర్వాతి ప్రశ్న. అమ్మిన కార్ల మీద జరిగిన పరీక్షలు జవాబిచ్చింది ఆ ప్రశ్నకే.

నాలుగో మాట, కార్లు ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకునే రోజు వస్తే ఈ గొడవే ఉండదని. ఇందులో సత్యం ఉంది. ఇందాక చెప్పిన కాలిఫోర్నియా ప్రయోగంలోనే, ముందు కార్లు ఏం చేయబోతున్నాయో రేడియో ద్వారా వెనక కార్లకు తెలిపినప్పుడు 0.6 సెకన్ల దగ్గరి గ్యాప్‌తో కూడా వరుస నిలిచింది. అన్ని కార్లకూ ఆ సౌకర్యం ఉంటే లేన్ సామర్థ్యం దాదాపు రెట్టింపు కావచ్చని ష్లాడోవర్ బృందపు నమూనాలు అంచనా వేశాయి. కానీ ఆ మేలు అందాలంటే ముందు కారుకూ వెనక కారుకూ రెండింటికీ రేడియో ఉండాలి, రెండూ ఒకే భాష మాట్లాడాలి. ఆ రేడియోకు కేటాయించిన తరంగాల్లో పెద్ద భాగాన్ని అమెరికా 2020లో వేరే అవసరాలకు మళ్లించింది. కంపెనీలు, ప్రభుత్వాలు ఒక ఒప్పందానికి వచ్చేదాకా రాడార్ మాత్రమే ఉన్న కార్లు కోట్లలో అమ్ముడవుతూనే ఉంటాయి, ఒక్కొక్కటీ పది పదిహేనేళ్లు రోడ్డు మీద తిరుగుతుంది. రేపటి మందును చూపించి ఈనాటి జబ్బును వదిలేయడం వైద్యం కాదు.

ఇదంతా అమెరికా, యూరప్ సంగతి, మనకెందుకని అనుకోవడానికి వీల్లేదు. డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఉంటున్న తెలుగువారిలో చాలామంది రోజూ ఆఫీసుకు వెళ్లేది ఇలాంటి కార్లలోనే. ఇక్కడ 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి కార్లతో ఈ ఏర్పాటు మన ఇళ్ల ముందుకూ వచ్చింది. మన జాతీయ రహదారుల్లో చాలా చోట్ల ఆటోలు, ద్విచక్ర వాహనాలు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు ఉంటాయి కాబట్టి అక్కడ ప్రవాహపు సమస్యలు వేరు. అక్కడ ఈ ఏర్పాటును ఆన్ చేయకపోవడమే మంచిది. కానీ 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అలాంటిది కాదు. దాని మీదికి ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కే వీల్లేదు. ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. వేగ పరిమితిని 2023లో 120 కిలోమీటర్లకు పెంచారు. సరిగ్గా ఇలాంటి దారి మీదే డ్రైవర్లు ఈ బటన్ నొక్కుతారు. ఈ రోజు అలాంటి కార్లు కొద్ది శాతమే కాబట్టి ప్రభావం కంటికి ఆనదు. నియమాలు పెట్టుకోవాల్సిన సమయం కూడా సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే. లక్షల కార్లు అమ్ముడయ్యాక వాటి లోపలి లెక్క మార్చమని అడగడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి నేను కోరేది మూడు పనులు. మొదటిది, కారు మైలేజీని ప్రకటించినట్టే, ఏ వేగంలో ఏ గ్యాప్ ఎంచుకుంటే అలజడి ఎంత శాతం పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో తయారీదారు ప్రకటించాలి. దానికి కొత్త పరికరాలేవీ అక్కర్లేదు. రెండు కార్లు, వేగాన్ని కొలిచే జీపీఎస్, ఒక పరీక్షా ట్రాక్ చాలు. విదేశాల్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన పనిని మన ధ్రువీకరణ సంస్థలు చేయలేకపోవడానికి కారణం లేదు. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ కారులో కూర్చున్నవారికి ఢీకొన్నప్పుడు దొరికే రక్షణకు నక్షత్రాలిస్తోంది. వెనక వరుసకు కారు చేసే మేలుకీడులకు కూడా ఒక కొలత ఉండాలి. రెండోది, కంపెనీ అమర్చి ఇచ్చే తొలి సెట్టింగ్ వరుస నిలకడ ఉన్నదై ఉండాలి. చాలామంది దాన్ని ముట్టుకోరు కాబట్టి ప్రవాహం నడక ఆ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడుతుంది. మూడోది, మన ఇంజనీరింగ్ కళాశాలల్లో కంట్రోల్ సిస్టమ్స్ చెప్పే అధ్యాపకులూ, ట్రాఫిక్ ఇంజనీరింగ్ చెప్పే అధ్యాపకులూ ఒకే తరగతి గదిలో ఈ విషయం బోధించాలి. ఈ లోపం పుట్టింది వారి మధ్య ఉన్న ఖాళీలోనే. కారు చేసినవారు జంట దగ్గర ఆగిపోయారు, రోడ్డు వేసినవారు కారు లోపలికి చూడలేదు.

రోడ్డు ఉమ్మడి ఆస్తి. దాని మీద నడిచే ప్రతి యంత్రం తన యజమానికి ఎంత జవాబుదారీయో, తన వెనక వస్తున్న అపరిచితుడికీ అంతే జవాబుదారీ. ఆ జవాబుదారీతనాన్ని ఇప్పుడు ఒక సంఖ్యలో కొలవగలుగుతున్నాం. పది శాతం పెంపును ఐదు శాతం తగ్గింపుగా మార్చడానికి కొత్త రోడ్డు వేయక్కర్లేదు, కొత్త లేన్ కోసం ఎవరి భూమీ తీసుకోనక్కర్లేదు. ఇంత చవకగా దొరికే మేలును మనం అడగకపోవడం వల్లే పోగొట్టుకోకూడదు. ఇక్కడున్న విద్యార్థుల్లో కొందరు రేపు ఆ లెక్కలు రాసే కంపెనీల్లో చేరతారు. ముందు కారుతో పాటు వెనక వరుసను కూడా మీ సమీకరణంలో చేర్చండని వారిని కోరుతున్నాను.